పవర్గం లేని భాషలో ప్రార్థన

1635 ప్రాంతంలో, ఇప్పటి ఆంటారియో రాష్ట్రంలోని జార్జియన్ బే ఒడ్డున, ఇహొనటీరియా అనే పల్లెలో ఒక బెరడు ఇంట్లో గడియారం ఒకటి ఉండేది. చూడవచ్చిన వెండాట్ జనం దానికి ప్రాణం ఉందనుకున్నారు. 'పగటి దొర' అని దానికి పేరు పెట్టారు. గంట కొట్టే వేళకు చుట్టూ చేరి, నోరు మెదపకుండా ఎదురుచూసేవారు. అది ఏం తింటుందని అడిగేవారు, ఇప్పుడేమంటోందని అడిగేవారు. ఆ ఇంట్లో కాపురమున్న జెసూయిట్ పాదరీలు, పన్నెండు గంటలు కొడితే ఎసరు పెట్టమంటోందనీ, నాలుగు కొడితే అందరినీ లేచి వెళ్ళమంటోందనీ చెప్పారు. ఎసరు మాట వినగానే అతిథులు తమకూ ఒక ముద్ద దొరుకుతుందని స్థిమితంగా కూర్చునేవారు. నాలుగు కొట్టగానే బుద్ధిగా లేచి వెళ్ళిపోయేవారు. తలుపు మూసుకుని ప్రార్థన చేసుకోవడానికి పాదరీలకు అలా వీలు చిక్కింది.

ఈ ముచ్చట రాసినవాడు జాన్ ద బ్రెబోఫ్. 1625లో ఫ్రాన్సు నుంచి కెబెక్ చేరినవాడు. 1649 మార్చిలో ఇరాక్వాయ్ యోధుల చేతిలో చిత్రహింసలు పడి మరణించాడు. 1930లో రోమ్ అతణ్ణి పునీతుల జాబితాలో చేర్చింది. ఆ మరణం గురించి ఈ దేశంలో ఎన్నో పుస్తకాలున్నాయి, బొమ్మలున్నాయి, ఒక పుణ్యక్షేత్రమే ఉంది. నన్ను పట్టి నిలిపింది మాత్రం ఆ గడియారం చుట్టూ కూర్చున్నవాళ్ళు. నాలుగు కొట్టాక లేచి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు. ఆ ఇళ్ళలో ఏం వండుకున్నారు, ఏం మాట్లాడుకున్నారు, పిల్లకు జ్వరం వస్తే ఎవరిని పిలిచారు?

కొన్నాళ్ళుగా నా రాత్రి చదువంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగుతోంది. ముఖ్యంగా చదివినవి రెండు. ఒకటి 'జెసూయిట్ రిలేషన్స్'. కొత్త ఫ్రాన్సు నుంచి పాదరీలు 1632 నుంచి 1673 దాకా ఏటేటా పారిస్‌కు పంపిన నివేదికలివి. రూబెన్ గోల్డ్ త్వెయిట్స్ 1896–1901 మధ్య మూలాన్నీ ఇంగ్లీషు అనువాదాన్నీ ఎదురెదురు పుటల్లో పెట్టి 73 సంపుటాలుగా అచ్చు వేయించాడు. రెండోది బ్రూస్ ట్రిగ్గర్ 1976లో రెండు సంపుటాలుగా ప్రకటించిన 'చిల్డ్రెన్ ఆఫ్ ఆతాయెంట్సిక్'. ఆతాయెంట్సిక్ అంటే ఆకాశం నుంచి భూమి మీదికి జారిపడిన ఆదిమాత. వెండాట్ ప్రజలు ఆమె సంతతి. ట్రిగ్గర్ ఆ పేరు ఎంచుకోవడంలోనే చరిత్రను ఎవరి వైపు నిలబడి చెప్పదలచాడో తెలుస్తుంది.

రిలేషన్స్ చదవడంలో ఒక చిక్కుంది. అవి చందాల కోసం, ఫ్రాన్సులోని భక్తుల ఉత్సాహం కోసం రాసినవి. వెండాట్లు ఆ కాలంలో తమ గురించి తాము రాసుకున్నది ఏమీ లేదు. నా వృత్తిలో దీనికి పోలిక ఉంది. రోగి తన బాధను తన మాటల్లో చెబుతాడు. వైద్యుడు దాన్ని తన భాషలోకి మార్చి కేసు షీటులో రాస్తాడు. ఏళ్ళు గడిచాక ఆ షీటు చదివేవాడికి దొరికేది వైద్యుడి వాక్యమే. అయినా ఓపికగా చదివితే, రాసినవాడు అనుకోకుండా వదిలేసిన చోట రోగి గొంతు వినిపిస్తుంది. రిలేషన్స్‌లో అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. పాదరీలు మంచి పరిశీలకులు. తమకు గిట్టనిదాన్ని కూడా వివరంగా రాసిపెట్టారు.

'హ్యూరాన్' అన్నది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. పంది జూలులాంటి జుట్టు అన్న అర్థంలో వచ్చిందంటారు. వాళ్ళు తమను వెండాట్ అనీ, తమ నేలను వెండాకే అనీ చెప్పుకున్నారు. ఎల్మ్, దేవదారు బెరడు కప్పిన పొడవాటి ఇళ్ళు. మధ్యన వరసగా నిప్పులు, ఒక్కో నిప్పుకు అటొక కుటుంబం ఇటొక కుటుంబం. పొగ పోవడానికి కప్పులో కంతలు తప్ప మరో దారి లేదు. ముసలివాళ్ళలో చాలామందికి చూపు పోవడం ఆ పొగ వల్లనేనని ఫ్రెంచివాళ్ళు రాశారు. నాకు కట్టెల పొయ్యి ముందు కళ్ళు ఒత్తుకునే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మట్టికుప్పలో కలిపి నాటేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాడను పట్టుకుని పాకుతుంది, గుమ్మడాకు నేలను కప్పి తేమ ఆరనివ్వదు. సేద్యమంతా స్త్రీలది. అడవి నరకడం, చేపలు పట్టడం, వేట, వర్తకం, యుద్ధం మగవాళ్ళవి. రోజువారీ తిండి మొక్కజొన్న పిండి జావ, దొరికితే అందులో ఎండుచేప. పదేళ్ళకో పదిహేనేళ్ళకో నేల సారం తగ్గగానే ఊరు ఊరంతా మరో చోటికి తరలేది.

ఇల్లు తల్లి వైపుది. పెళ్ళయినవాడు భార్య ఇంటికి వెళ్ళేవాడు. పిల్లల మీద అధికారం, పేరు, పదవి మేనమామ నుంచి మేనల్లుడికి దిగేవి. తండ్రి ముద్దు చేసేవాడే గాని శాసించేవాడు కాదు. పిల్లల్ని కొట్టడమన్నది వాళ్ళకు తెలియదు. ఈ సంగతి చూసి పాదరీలు ఆశ్చర్యపోయారు, విసుక్కున్నారు కూడా. మేనమామ లేకుండా ఏ శుభకార్యమూ కదలని ఇళ్ళలో పెరిగిన మనకు ఇది కొంత సులభంగానే అర్థమవుతుంది. అలాంటి సమాజంలోకి వెళ్ళి, దేవుడు సర్వాధికారి, ఆయన మన తండ్రి అని చెబితే విన్నవాళ్ళకు ఏమి బోధపడి ఉంటుంది? మెత్తని మనసున్న, మాట చెల్లని ఒక పెద్దమనిషి అనుకుని ఉండవచ్చు.

బ్రెబోఫ్ 1636 నివేదికలో భాష గురించి రాసిన పుటలు తెలుగు సాహిత్యం చదివినవాళ్ళు తప్పక చూడవలసినవి. వెండాట్ భాషలో పెదవులు కలిపి పలికే హల్లులు లేవు. ప, బ, మ లేవు. అంటే మన పవర్గమే లేదు. దండి దశకుమారచరితలో మంత్రగుప్తుడు పెదవులు నొచ్చి ఒక ఉచ్ఛ్వాసమంతా ఓష్ఠ్యాలు లేకుండా కథ చెబుతాడు. మన మరింగంటి కవి దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్యంగా నడిపాడు. మనకు ప్రౌఢవిద్య అయినది అక్కడ పసిపిల్లల మాట. వకారం వంటి ధ్వని ఉంది గనుక మన లక్షణకర్తలు దాన్ని పూర్తి నిరోష్ఠ్యంగా ఒప్పుకోరు, అది వేరే సంగతి. మరియమ్మ పేరు వాళ్ళ నోట 'వారీ' అయింది. బ్రెబోఫ్ పేరులో రెండు బకారాలు, ఒక ఫకారం. పలకలేక అతనికి 'ఎషోన్' అని పేరు పెట్టారు.

ఇంకో చిక్కు వ్యాకరణానిది. ఆ భాషలో బంధువాచకం ఒంటరిగా నిలబడదు. ఉత్త 'తండ్రి' అనడం కుదరదు. నా తండ్రి, నీ తండ్రి, వాడి తండ్రి అనే అనాలి. పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున అన్న మాటను అనువదించడానికి బ్రెబోఫ్ కిందా మీదా పడ్డాడు. మన తండ్రి, ఆయన కుమారుడు, వారిద్దరి పవిత్రాత్మ అని మార్చుకోవచ్చా అని ఫ్రాన్సులోని పెద్దలను అడిగాడు. తెలుగులో బైబిలు అనువదించినవాళ్ళు 'మా' అనాలా 'మన' అనాలా అని ఆలోచించుకోవలసి వచ్చినట్టే ఇది. 'మా' అంటే వింటున్న దేవుడు మనలో ఒకడు కాడు, 'మన' అంటే ఆయనకూ మరో తండ్రి ఉన్నట్టు. భాష తలుచుకుంటే వేదాంతాన్ని ఎంత ఇరుకున పెట్టగలదో!

అంతకన్నా లోతైన అడ్డంకి మరణించినవాళ్ళ గురించినది. పోయినవారి ప్రస్తావన తేవడం వెండాట్లకు ఘోరమైన అవమానం. ఆ పేరును మరొక బతికున్న మనిషికి ఇచ్చి నిలబెట్టేదాకా ఎవరూ నోటితో పలకరు. తల్లి పోయి ఎక్కువ రోజులు కాని ఒక స్త్రీకి, తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞను పాదరీ యథాలాపంగా వల్లించాడు. ఆమె జ్ఞానస్నానమే వద్దనుకునేంత పనయింది. బ్రెబోఫ్ దీన్ని తమ పొరపాటుగానే నిజాయితీగా రాశాడు. అతను చనిపోయాక వెండాట్లు ఎషోన్ అన్న పేరును షోమోనో అనే మరొక పాదరీకి ఇచ్చి నిలబెట్టారు. పునీతుడి బిరుదు రోమ్ నుంచి రావడానికి రెండు వందల ఎనభై ఏళ్ళు పట్టింది. వాళ్ళ పద్ధతిలో దక్కవలసిన గౌరవం ముందే దక్కింది.

(ఈ సంఘం వాళ్ళే తరువాతి శతాబ్దంలో మన వైపూ వచ్చారు. కాల్మెట్ అనే పాదరీ తెలుగు, సంస్కృతం నేర్చి పారిస్ రాజ గ్రంథాలయానికి వేద ప్రతులు పంపాడు. కేర్దూ తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు, సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో చుట్టరికం ఉందని 1767లో రాశాడు. మన నేల మీద వాళ్ళు కాషాయం కట్టి, మాంసం మాని సన్యాసుల్లా తిరిగారు. కెనడాలో అడవి దారిన పడవ మోసి, ఎండుచేప జావ తాగారు. ఎక్కడి వేషం అక్కడ వేయడంలో ఆ సంఘానికి సాటి లేదు.)

ఇక రోగాల మాట. 1634 నుంచి వెండాకేలో ఒకదాని వెంట ఒకటి అంటురోగాలు వచ్చాయి. 1636–37లో వచ్చినది తీవ్రమైన జ్వరం. 1639–40లో వచ్చినది మశూచి. ఆ శీతకాలంలోనే పాదరీలు ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్క రాశారు: 32 పల్లెలు, సుమారు 700 ఇళ్ళు, రెండు వేల నిప్పులు, పన్నెండు వేల మంది. ఇందులో పొరుగునున్న పొగాకు జాతివాళ్ళూ ఉన్నారు. రోగాలకు ముందు వెండాట్లు ఒక్కరే ఇరవై వేలకు పైబడి ఉండేవారని అంచనా. అయిదారేళ్ళలో సగం మంది పోయారు.

పుట్టుకతో నిరోధకశక్తి లేదు గనుక పోయారని మేము వైద్యకళాశాలలో సులువుగా చదువుకున్నాం. అది సగం నిజమే. ఒక ఇంట్లో అందరూ ఒకే వారంలో మంచం పడితే నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు ఉండడు. నాట్ల వేళ రోగం వస్తే ఆ ఏడు పంట ఉండదు. మశూచి ఎక్కువగా పసివాళ్ళనూ వృద్ధులనూ తీసుకుపోయింది. రాత లేని సమాజంలో వృద్ధులు పోతే పోయేది గ్రంథాలయం. మన పల్లెల్లో మశూచికి అమ్మవారు అని పేరుపెట్టి, పోలేరమ్మకు బోనం పెట్టి, వేపాకు కట్టి, రోగానికి ఒక రూపమూ ఒక మర్యాదా ఏర్పరచుకున్నారు. ఎన్నో తరాల పరిచయం ఉంది కనుక అది సాధ్యమైంది. వెండాట్లకు ఆ వ్యవధి లేదు. వాళ్ళు కారకుడి కోసం వెతికారు. నల్లంగీలవాళ్ళు జబ్బు పడినా లేచి తిరుగుతున్నారు. వేళ కాగానే తలుపులు బిడాయించుకుంటున్నారు. కాగితం చూసి ఏదో గొణుగుతున్నారు. వాళ్ళు నీళ్ళు చల్లిన పిల్లలు చచ్చిపోతున్నారు. ఆ లెక్క చూసినవాడెవడైనా అదే నిర్ణయానికి వస్తాడు.

నీళ్ళు చల్లిన పిల్లలు చచ్చిపోయిన మాట నిజమే. చావబోయే పిల్లలకే పాదరీలు నీళ్ళు చల్లేవారు. జ్ఞానస్నానం లేకుండా పోతే పసివాడి ఆత్మకు స్వర్గం దక్కదని వాళ్ళ నమ్మకం. తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే దొంగచాటుగా ఆ పని చేసేవారు. పియేర్ పిజార్ అనే పాదరీ రెండు నెలల బిడ్డకు చక్కెర నీళ్ళు తాగిస్తున్నట్టు నటించి జ్ఞానస్నానం చేయించిన సంగతి 1637 నివేదికలో గర్వంగా ఉంది. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగాను. తమ దృష్టిలో వాళ్ళు చేసింది ప్రాణదానం కన్నా పెద్దది. మంచి చేస్తున్నామన్న నమ్మకం ఎంత గట్టిదైతే ఎదుటివాడి అనుమతి అంత చిన్న విషయంగా కనిపిస్తుంది. ఈ జబ్బు పాదరీలకు మాత్రమే పరిమితం కాదు. శస్త్రచికిత్స వద్దన్న ఒక వృద్ధుడిని ఒప్పించడానికి నేను ఒకప్పుడు వాడిన మాటలు కొన్ని ఇప్పటికీ నన్ను కుడుతుంటాయి.

1637లో ఒస్సొసానే అనే పెద్ద ఊళ్ళో వెండాట్ పెద్దలు సభ తీర్చి, పాదరీల మీద చేతబడి నేరం విచారించారు. చంపేస్తారన్న నిశ్చయంతో బ్రెబోఫ్ తమ ఆచారం ప్రకారం మరణించబోయేవాడు పెట్టే వీడ్కోలు విందు ఊరందరికీ పెట్టాడు. చంపలేదు. ఎందుకు చంపలేదన్నదానికి ట్రిగ్గర్ చెప్పే కారణం భక్తులకు రుచించదు. పాదరీలను చంపితే ఫ్రెంచి వర్తకం ఆగిపోతుంది. ఇనప గొడ్డళ్ళు, రాగి గిన్నెలు ఉండవు. తరువాతి సంవత్సరాల్లో తుపాకులను ఫ్రెంచివాళ్ళు జ్ఞానస్నానం పొందినవాళ్ళకే అమ్మారు. మతం మారినవాళ్ళందరూ తుపాకీ కోసమే మారారనడం అన్యాయం, ఆ లెక్క ఎవరి మనసులోనూ లేదనడం అమాయకత్వం.

వైద్యుడిగా నన్ను అన్నిటికన్నా కదిలించినది వాళ్ళ చికిత్సల గురించి పాల్ రాగ్నో రాసిన భాగం. వెండాట్ల దృష్టిలో రోగాలు మూడు విధాలు. దేహసంబంధమైనవి మందులతో తగ్గుతాయి. చేతబడి వల్ల వచ్చేవాటికి దాన్ని వెలికి తీయాలి. మూడో రకం ఆత్మలో దాగిన కోరిక తీరకపోవడం వల్ల వచ్చేది. ఆ కోరిక ఆ మనిషికే తెలియదు. కలలో మాత్రం బయటపడుతుంది. కల చెప్పినదాన్ని ఊరంతా కలిసి తీర్చాలి. విందు కావచ్చు, నాట్యం కావచ్చు, ఆట కావచ్చు, ఒక కుక్కనో ఒక పూసలపేరునో ఇవ్వడం కావచ్చు. ఫ్రాయిడ్‌కు రెండున్నర శతాబ్దాల ముందు, ఒక పాదరీ తనకు నచ్చని మూఢనమ్మకాల పట్టికలో వేసి రాసిన మాటలివి. ఒక రోగి కోసం ఊరు ఊరంతా పని మానుకుని ఆడి పాడడం ఆ రోగికి ఏం చేసి ఉంటుందో ఊహించగలను. నా రోగుల్లో సగం మందికి కావలసింది అదేనని నాకు అనిపిస్తుంది, రాసివ్వడానికి చీటీలో చోటు లేదు.

క్రైస్తవుడైనవాడు ఈ చికిత్సల్లో దేనిలోనూ పాల్గొనకూడదు. మతమార్పిడి వల్ల దైనందిన జీవితం తెగిపోయిన చోటు ఇదే. ఒకే పొడవాటి ఇంట్లో ఎనిమిది కుటుంబాలు ఉంటే, అందులో ఒకటి క్రైస్తవ కుటుంబం. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన. ఎదురు నిప్పు దగ్గర ముసలమ్మకు జబ్బు చేసింది, ఆమె కల నాట్యం అడిగింది. అందరూ లేచారు, వీళ్ళు లేవలేదు. ముసలమ్మ పోయింది. ఆమెను చంపింది ఎవరు? ఆ ఇంట్లో మర్నాడు జావ వండుకున్నప్పుడు ఎవరు ఎవరి మొహం చూసి ఉంటారు?

ఒస్సొసానేకు చెందిన షివాతెన్హా కథ ఇది. 1637 ఆగస్టులో ప్రాణం మీదికి వచ్చినప్పుడు జ్ఞానస్నానం పొంది జోసెఫ్ అయ్యాడు. రోగం తగ్గింది. చదవడం, రాయడం నేర్చుకున్నాడు. మిగిలినవాళ్ళందరూ పాదరీలను తరిమేయాలంటున్నప్పుడు వాళ్ళ పక్కన నిలబడ్డాడు. 1640 ఆగస్టు 2న పొలానికి వెళ్ళి, వెంట వచ్చిన పిల్లలను ఇంటికి పంపేసి ఒంటరిగా ఉన్నప్పుడు హతుడయ్యాడు. ఇరాక్వాయ్‌లు చంపారని ఊరి పెద్దలు అన్నారు, పాదరీలు నమ్మారు. సొంతవాళ్ళే చంపి ఉండవచ్చునని ట్రిగ్గర్ అనుమానం. నాకు ట్రిగ్గర్ వాదనే బలంగా తోచింది.

ఆ కుటుంబపు పిల్ల తెరేస్ ఒయొన్హాతొన్. కెబెక్‌లో ఉర్సులిన్ కన్యల దగ్గర రెండేళ్ళు చదువుకుంది. 1642లో ఇంటివాళ్ళు పిలిపించారు. దారిలో ఇరాక్వాయ్‌లు పడవలను పట్టుకున్నారు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల. జపమాల లేదు గనుక వేళ్ళ మీద, నేల మీద గులకరాళ్ళు పేర్చుకుని జపం లెక్కపెట్టుకునేదట. పన్నెండేళ్ళ తరువాత, 1654లో, సిమోన్ ల మొయిన్ అనే పాదరీ ఒనొండాగా వెళ్ళినప్పుడు ఆమె కనిపించింది. ఊరికి కొంచెం ఎడంగా ఒక చిన్న ఇంట్లో ఉంటోంది. అతని ముందు గుండె బరువు దించుకుంది. రిలేషన్స్‌లో ఆమె కథ ఆ కొద్దిపాటి వాక్యాలతో ఆగిపోతుంది. 73 సంపుటాల్లో నేను ఎక్కువసార్లు తిరిగి తెరిచిన పుట అదే.

1639లో జెరోమ్ లాల్మాన్ వై నది ఒడ్డున సాంత్ మరీ అనే కేంద్రాన్ని కట్టించాడు. ఇప్పటి మిడ్‌లాండ్ పట్టణం దగ్గర దాన్ని మళ్ళీ పాత పద్ధతిలో కట్టి ఉంచారు. మేము కారులో వెళ్ళిన రోజు ఎండగా ఉంది, పిల్లలు కమ్మరి కొలిమి దగ్గర నుంచి కదల్లేదు. కంచెలో కంచె: ఫ్రెంచివాళ్ళ భాగం వేరు, వచ్చిపోయే వెండాట్ల భాగం వేరు. వెండాట్ల వైపు ఒక చర్చి, ఒక ఆసుపత్రి, ఒక శ్మశానం, రాత్రి తలదాచుకోవడానికి బెరడు ఇళ్ళు. 1643 నుంచి అక్కడ ఫ్రాంస్వా జాంద్రోన్ అనే శస్త్రవైద్యుడు పనిచేశాడు. 1648 నివేదిక ప్రకారం ఒక ఏడాదిలో మూడు వేల మందికి పైగా అక్కడ తిండీ నీడా పొందారు. 1649 మార్చి నాటికి తమకు పది కోళ్ళు, ఒక పందుల జత, రెండు ఎద్దులు, రెండు ఆవులు ఉన్నాయని రాగ్నో సంతోషంగా లెక్క రాశాడు. కెబెక్ నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల నీటిదారి, ఎక్కడికక్కడ పడవను భుజాన మోసుకుంటూ దాటవలసిన జలపాతాలు. దూడను బెరడు పడవలో కూర్చోబెట్టి తెచ్చిన ఆ మనుషుల ఓపికకు నమస్కారం పెట్టాలనిపించింది.

ఈ పల్లెల్లో మగ్గిన పాదరీలకూ, కెబెక్ దగ్గర సిల్లెరీలో 1637లో స్థాపించిన కేంద్రానికీ తేడా ఉంది. వెండాకేలో పాదరీలు అతిథులు. సిల్లెరీలో వాళ్ళు భూమి యజమానులు. సంచారులైన ఇన్ను, ఆల్గాంకిన్ జనాన్ని పరాగ్వేలో చేసినట్టు ఒకచోట నిలిపి, ఇళ్ళు కట్టించి, సేద్యం నేర్పాలన్నది ఆలోచన. 1639లో డియెప్ నుంచి ముగ్గురు ఆసుపత్రి కన్యలు కెబెక్‌లో దిగారు. దిగీ దిగగానే మశూచి. దుప్పట్లు చాలలేదు, తామే మంచం పట్టారు. స్థానికులు ఆ ఆసుపత్రిని చావు ఇల్లు అన్నారు. వాళ్ళు స్థాపించిన కెబెక్ ఓటెల్ డియు ఇవాళ్టికీ నడుస్తోంది. సిల్లెరీలో కొత్తగా క్రైస్తవులైన మగవాళ్ళు తమలో తాము పెద్దలను ఎన్నుకుని, పాదరీల కన్నా కఠినమైన శాసనాలు చేశారు. భర్తను వదిలి వెళ్ళిన స్త్రీ కాలికి గొలుసు వేయించారు. అంతకుముందు ఆ సమాజంలో భార్య విడిచిపోతే అడిగేవాడు లేడు. కేరెన్ ఆండర్సన్ 1991లో రాసిన పుస్తకానికి ఆ గొలుసునే పేరుగా పెట్టింది. ఇందులో పాదరీల పాత్ర ఎంత, అవకాశం దొరికిన మగవాళ్ళ పాత్ర ఎంత అన్నది తేల్చడం కష్టం. తేల్చనక్కరలేదేమో, ఇద్దరూ సంతోషించారు.

వెండాట్లు జ్ఞానస్నానాన్ని కాదన్నప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది. స్వర్గంలో తమవాళ్ళు ఎవరూ ఉండరు. అమ్మ లేని, అన్న లేని, అందరూ ఫ్రెంచివాళ్ళే ఉండే ఊరికి ఎందుకు వెళ్ళాలి? ఈ ప్రశ్నను అర్థం చేసుకోవాలంటే 1636 మే నెలలో ఒస్సొసానేలో బ్రెబోఫ్ చూసిన మృతుల పండుగ తెలియాలి. ఊరు మారే ముందు, అంతకుముందు పదేళ్ళలో పోయిన వాళ్ళందరినీ సమాధుల నుంచి తీసి, ఎముకలను శుభ్రం చేసి, బీవర్ తోళ్ళలో చుట్టి, ఒకే పెద్ద గోతిలో కలిపి పూడుస్తారు. ఒక స్త్రీ తన తండ్రి కపాలానికి జుట్టు దువ్వింది. పోయిన తన పిల్లల ఎముకలకు పూసల కంకణాలు తొడిగింది, కన్నీళ్ళతో తడిపింది. బ్రెబోఫ్ ఈ దృశ్యాన్ని అసహ్యించుకోలేదు. ఫ్రాన్సులోని క్రైస్తవులు చూసి నేర్చుకోవలసినదిగా రాశాడు. కాని క్రైస్తవుల శవాలు ఆ గోతిలో కలవకూడదు, వాళ్ళ శ్మశానం వేరు. మనకైతే అస్థికలు ఏరి నదిలో కలపడం వరకే. అందరి ఎముకలూ ఒకటై కలిసే గోతిలో నీ బిడ్డ ఉండడని చెప్పడం ఎలాంటిదో ఊహించడానికి కొంచెం సమయం పడుతుంది.

1649 మార్చిలో సుమారు వెయ్యి మంది ఇరాక్వాయ్ యోధులు రెండు పల్లెలను నాశనం చేశారు. వెండాట్లు తమ ఊళ్ళు తామే తగలబెట్టుకుని చెదిరిపోయారు. జూన్‌లో పాదరీలు సాంత్ మరీకి తామే నిప్పు పెట్టి, వేల మంది శరణార్థులతో గహొయెండో ద్వీపానికి చేరారు. ఆ చలికాలం ఓక్ కాయలు, ఎండుచేపలతో గడిచింది, చాలామందికి గడవలేదు. మృతుల ఎముకలకు జుట్టు దువ్విన ఆ జనమే ఆకలికి తాళలేక శవాలను తిన్నారని రాగ్నో రాశాడు. మిగిలినవారిలో ఎక్కువమంది క్రైస్తవులయ్యారు. పోయేముందు నీళ్ళు చల్లించుకున్నవాళ్ళు ఎందరో. 1650 వేసవిలో సుమారు మూడు వందల మంది పాదరీల వెంట కెబెక్‌కు తరలారు. వాళ్ళ వారసులు 1697 నుంచి ఒకే చోట ఉన్నారు. ఆ ఊరి పేరు ఇప్పుడు వెండాకే. మరికొందరు పశ్చిమానికి వెళ్ళి వైయాండట్‌లుగా ఒహాయో, కాన్సస్, ఓక్లహోమా దాకా చేరారు. చాలామంది ఇరాక్వాయ్ కుటుంబాల్లోనే కలిసిపోయారు. 'హ్యూరాన్లు అంతరించారు' అని నేను తొలుత చదివిన పుస్తకాల్లో ఉంది. కాథ్రిన్ మగీ లబెల్ 2013లో తన పుస్తకంలో, వెండాట్ చరిత్రకారుడు జార్జ్ సియూయి అంతకు చాలా ముందే, ఆ మాటను గట్టిగా ఖండించారు.

ఇప్పుడు కెనడాలో మిషన్ అన్న మాట వినగానే అందరికీ గుర్తొచ్చేది పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని పెట్టిన వసతి బడులు. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడికి వచ్చి క్షమాపణ చెప్పింది వాటి గురించే. పదిహేడో శతాబ్దపు పాదరీలను ఆ బడుల లెక్కలోనే వేయడం నాకు సమ్మతం కాదు. వాళ్ళు ఆ భాష నేర్చుకున్నారు, బడుల్లో ఆ భాష మాట్లాడిన పిల్లలను శిక్షించారు. మాట్లాడేవాళ్ళు లేక ఆగిపోయిన వెండాట్ భాషను నేడు వెండాకేలో పాత పాదరీల చేతిరాత నిఘంటువుల నుంచే మళ్ళీ నేర్చుకుంటున్నారు. పాపాన్ని ఒప్పుకోవడానికి, నరకానికి, పశ్చాత్తాపానికి ఆ నిఘంటువుల్లో మాటలు పుష్కలంగా దొరుకుతాయి. చేను దున్నడానికి, చేపను ఎండబెట్టడానికి, పిల్లను జోకొట్టడానికి కూడా దొరుకుతాయి. పాదరీలు అవి లేకుండా జనంతో మాట్లాడలేరు గనుక రాసుకున్నారు.

1636లో బ్రెబోఫ్ చూసిన ఆ గోతిని 1940లలో పురావస్తు శాస్త్రవేత్త కెన్నెత్ కిడ్ తవ్వాడు. ఎముకలు టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియానికి చేరి, పెట్టెల్లో అర్ధశతాబ్దం ఉన్నాయి. 1999 ఆగస్టులో మ్యూజియం వాటిని తిరిగి ఇచ్చింది. కెబెక్ నుంచి, కాన్సస్ నుంచి, ఓక్లహోమా నుంచి వెండాట్లు, వైయాండట్లు వచ్చారు. చెదిరిపోయి మూడున్నర శతాబ్దాలయ్యాక ఒకేచోట కలుసుకుని, ఎముకలను బీవర్ తోళ్ళ మీద పేర్చి, ఒస్సొసానేలో అదే గోతిలో మళ్ళీ పూడ్చారు.